తోసినవాడు లాగకూడదు

రాదు. ఎందుకొస్తుంది? ఇరవై ఏళ్ళుగా ఈ షెడ్డులో ఏ నట్టు నా మీద జాలిపడి ఊడింది గనక, ఇది ఊడటానికి! పానాకి నాలుగడుగుల ఇనప గొట్టం తొడిగాను, గొట్టం చివర రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాను, డెబ్బై కిలోల ఆడమనిషిని, అయినా ఉలకదు పలకదు, అచ్చం మా తమ్ముడిలాగే. డ్రైవింగ్ టీచరు కారులో కూర్చుని, చక్రం తిరక్కుండా బ్రేకు తొక్కిపట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి "ఇంకా గట్టిగా తొక్కనా అమ్మా?" అని అడుగుతోంది. తొక్కండి తల్లీ తొక్కండి, అటు బ్రేకునీ ఇటు నన్నూ, అందరూ కలిసి తొక్కండి. పైకి మాత్రం "తొక్కండి టీచర్‌గారూ, వదలకండి" అన్నాను. గోడ గడియారంలో పదకొండు దాటి ఐదు నిమిషాలు. పన్నెండింటికి బస్సు డిపో ఫోర్‌మన్ మళ్ళీ ఫోన్ చేస్తాడు. పొద్దున తొమ్మిదింటికి ఒకసారి చేశాడు. "మీ తమ్ముడు మా వర్క్‌షాపులో పనికి అర్జీ పెట్టాడమ్మా. పన్నెండేళ్ళు అక్క దగ్గరే చేశానంటాడు, మరెందుకు మానేశావయ్యా అంటే నోరు విప్పడు. బస్సు చక్రాల పని, మనుషుల ప్రాణాలు. వాడి చెయ్యి నమ్మొచ్చా లేదా, నువ్వొక్క మాట చెప్పు చాలు. నువ్వు కాదంటే తీసుకోను." ఒక్క మాటట! వంద మాటలున్నాయి నా దగ్గర, ఐదు నెలలుగా కడుపులో మరుగుతున్నాయి. అప్పుడే చెప్పెయ్యాల్సింది, నమ్మొద్దు సార్, వాడి చేతికి చక్రం కాదు కదా, చక్రం తుడిచే గుడ్డ కూడా ఇవ్వొద్దు అని. నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. "చేతిలో పనుంది సార్, పన్నెండింటికి చెప్తాను" అన్నాను. అప్పటికి నా చేతిలో పనేం లేదు. టీ గ్లాసుంది.

టక్కుమంది. చచ్చీ చెడీ కదిలింది దరిద్రపు నట్టు. "బ్రేకు వదిలెయ్యండి, దిగండి" అన్నాను. టీచరు దిగి, ఎడం చేత్తో తలుపు వేసి, స్టూలు మీద కూర్చుని కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుంది. నిద్రపోతున్న పిల్లిని పెట్టుకున్నట్టు పెట్టుకుంటుంది దాన్ని. చూడకూడదనుకుంటాను, చూస్తాను, చూసిన ప్రతిసారీ తమ్ముడి మీద ఒళ్ళు మండుతుంది. జాకీ ఎత్తి స్టాండ్లు పెట్టాను, ఒక్కో స్టాండునీ కాలితో తన్ని చూశాను, కారుని రెండు చేతులా ఊపి చూశాను, చక్రం తీశాను. లోపల ఏముంది, యాక్సిల్ చివరి రబ్బరు బూటు నిలువునా చిరిగి నోరు తెరుచుకుంది, దాంట్లో ఉండాల్సిన గ్రీజంతా చక్రం లోపలి అంచు చుట్టూ చిమ్మి నల్లగా పేరుకుంది. ఇంజను బలాన్ని గేర్‌బాక్సులోంచి చక్రానికి మోసుకెళ్ళే కడ్డీ ఇది, ఎడం పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి. బూటు చిరిగితే గ్రీజు పోతుంది, గ్రీజు పోతే దుమ్ము చేరుతుంది, దుమ్ము చేరితే లోపలి గుండ్లు అరుగుతాయి, ఇక మలుపు తిరిగినప్పుడల్లా టకటకా టకటకా, వీధి వీధంతా వినబడేలా. పద్దెనిమిదేళ్ళ కారు, ఊళ్ళో సగం మంది దీని మీదే నేర్చుకున్నారు, నేర్చుకునేవాళ్ళు స్టీరింగు చివరిదాకా తిప్పేసి అప్పుడు యాక్సిలరేటరు తొక్కుతారు, ఆ బాధంతా యాక్సిళ్ళు పడతాయి. కుడిది అలాగే పోయింది, దాని ఆయుష్షు తీరి పోయింది. ఈ ఎడమది అలా పోలేదు. ఇది కొత్తది. ఐదు నెలల కిందట మేమే వేశాం, నేనూ వాడూ. వేసిన మర్నాడు పొద్దున్నే నాలుగు రోడ్ల కూడలిలో ఎవరో అమ్మాయి స్టీరింగు చివరిదాకా తిప్పింది, అంతే, యాక్సిల్ గేర్‌బాక్సులోంచి జారి బయటికొచ్చేసింది. ఇంజను అరుస్తూనే ఉంది, కారు కదలదు. వెనక వ్యాను ఆగలేక గుద్దింది. పక్క సీట్లో ఉన్న టీచరు ముందుకు పడబోతూ చెయ్యి అడ్డం పెట్టుకుంది, మణికట్టు రెండు చోట్ల విరిగింది. బాడీ షాపువాళ్ళెవరో ఊడిన యాక్సిల్‌ని సుత్తితో కొట్టి లోపలికి నెట్టారు, బూటు చింపారు, ఐదు నెలల్లో కొత్తది కాస్తా ముసలిదైపోయింది. ఇవాళ కారు గేటు దగ్గర ఆపి టీచరు అడిగిన మొదటి మాట, "ఆ అబ్బాయి లేడు కదా?" లేడండీ, తరిమేశాను అన్నాను, మెడలో హారం వేయించుకున్నంత గొప్పగా.

మా నాన్న పెట్టిన నియమం ఒకటుంది ఈ షెడ్డులో. యాక్సిల్‌ని గేర్‌బాక్సులోకి తోసేది ఒకరు, లాగి చూసేది ఇంకొకరు. దాని లోపలి చివర సన్నటి ఉక్కు రింగు ఉంటుంది, క్లిప్పు అంటాం, బొటనవేలికి పట్టేంత. అది లోపలి గాడిలో పడిందంటే ఇక యాక్సిల్ బయటికి రాదు. పడిందో లేదో కంటికి కనబడదు. తోసినవాడికి మాత్రం పడినట్టే ఉంటుంది, ఎప్పుడూ అలాగే ఉంటుంది, నడుం విరిగేలా తోశాక పడలేదంటే ఎవడొప్పుకుంటాడు? అందుకని తోసినవాడు లాగకూడదు. రెండో మనిషి వంగి, యాక్సిల్ లోపలి గిన్నెని రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగి, అప్పటికీ రాకపోతే నలుగురికీ వినబడేలా "పట్టింది" అనాలి. ఆ మాట అనేదాకా తోసినవాడు ఇంకో బోల్టు ముట్టుకోకూడదు. అన్నాక ఇక వెనక్కి చూడకూడదు. "తోసేవాడి చేతికి నమ్మకం ఎక్కువ, లాగేవాడి చేతికి అనుమానం ఎక్కువ. బండికి కావాల్సింది అనుమానమే" అనేవాడు నాన్న. నాన్న తోసేవాడు, నేను లాగేదాన్ని, పదహారేళ్ళ పిల్లని, లాగి లాగి అరిచేదాన్ని పట్టిందీ అని, పక్క బట్టలకొట్టువాళ్ళు నవ్వేవాళ్ళు. నాన్న పోయాక చిన్నోడు తోసేవాడు. వాడు నాకంటే పదేళ్ళు చిన్న, అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, జడ వేసుకోవడం మానేసి వాడికి అన్నం కలిపి పెట్టినదాన్ని నేను. మాట్లాడడు. అప్పుడూ అంతే, ఆకలేస్తే గిన్నె తెచ్చి నా ముందు పెట్టి నిలబడేవాడు. నోట్లో నాలుక లేనివాడు. పన్నెండేళ్ళలో ఎన్ని యాక్సిళ్ళు వేశామో, కారుకి రెండు చొప్పున, ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు, మరి ఆ ఒక్కటీ ఎందుకు సరిగ్గా తొయ్యలేదురా చవటా, ఆ రోజు నీ బలమంతా ఏ గంగలో కలిసింది?

చక్రాన్ని కింద పట్టి ఉంచే బాల్ జాయింటు విప్పాను, చక్రం బిగించే హబ్బుని పక్కకి లాగి యాక్సిల్ బయటి చివర వదిలించాను, ట్రే పెట్టి గేర్‌బాక్సు ఆయిల్ దింపాను. నల్లగా, వెండిపొడి కలిపినట్టు మెరుస్తూ దిగుతోంది. ఇనప పొడి. గేర్లు కూడా కొట్టుకుంటున్నాయన్నమాట, బంగారం లాంటి గేర్‌బాక్సు, అదీ నాశనం. ఆ రోజు కూడా ఇక్కడే, ఈ ట్రే పక్కనే నిలబడ్డాను. ఆసుపత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది టీచరు, చేతికి కట్టుతో, ఆమె వెనక ఆమె భర్త, బట్టలకొట్టువాళ్ళు, టీకొట్టువాడు, దారినపోయే దానయ్యలు, అందరూ. ఎవరు బిగించారు, ఎవరు బిగించారు అని ఒకటే గోల. నేను చేతిలో గుడ్డ నేలకేసి కొట్టి "వీడే" అన్నాను. "నీకు పని రాదు, రాలేదు, ఇక రాదు, పో, మళ్ళీ ఈ గేటు లోపలికి రాకు" అన్నాను. అక్కగా అనలేదు, షెడ్డు యజమానిగా అన్నాను, అందరూ మెచ్చుకున్నారు, సొంత తమ్ముడని కూడా చూడలేదు ఎంత న్యాయం అన్నారు. వాడు తల దించుకున్నాడు. ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాడు కాకపోతే మాట అనడా? నేను తొయ్యలేదనో, తోశాననో, ఏదో ఒకటి ఏడవడా? పానాలు కడిగి, బోర్డు మీద దేని చోట దాన్ని తగిలించి, చొక్కా మార్చుకుని వెళ్ళిపోయాడు. అదీ నాకు మంట. అరిచేవాడితో దెబ్బలాడొచ్చు, గోడతో ఎవరు దెబ్బలాడతారు? ఇప్పుడు పెట్రోలు బంకు వెనక వ్యాన్లు కడుగుతున్నాడు. బజారంతా వాడికి యాక్సిల్‌గాడు అని పేరు పెట్టింది, ఒక్క షెడ్డువాడూ పని ఇవ్వడు. మరదలు మొన్న పాలబూతు దగ్గర కనబడి "మీ పేరెత్తితే లేచి బయటికెళ్ళిపోతారు వదినా, అడిగితే చెప్పరు" అంది. ఏం చెప్తాడు, చెప్పడానికేముంటుంది? నేను పట్టిందన్నాను, అంటే పట్టినట్టే. ఆ తర్వాత వాడే ఏదో చేశాడు. బాల్ జాయింటు బిగించేటప్పుడు హబ్బుని మొరటుగా గుంజి ఉంటాడు, క్లిప్పు గాడిలోంచి జారి ఉంటుంది. ఐదు నెలలుగా నేనిదే చెప్తున్నాను, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

"ఇంకా ఎంతసేపమ్మా?" అంది టీచరు.

"ఇది తీసి కొత్తది తొయ్యాలి, తర్వాత కుడిది. రెండు గంటలు పట్టుద్దండీ. ఇంటికెళ్ళి రండి కావాలంటే."

"ఉంటాను. చూస్తాను" అంది. ముందు ఇలా చూసేది కాదు. కారు వదిలేసి తాళంచెవి బల్ల మీద పడేసి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేది, ఏళ్ళ తరబడి అలాగే చేసింది. ఇప్పుడు స్టూలు ముందుకు జరుపుకుని నా చేతులు చూస్తోంది. చూడండి చూడండి, నాకేం భయం. "మెలి తిరగదమ్మా ఇది" అంది చేతిని కొంచెం ఎత్తి, నేనేం అడగకుండానే, తనలో తను అనుకుంటున్నట్టు. "నేర్చుకునేవాళ్ళు తడబడితే చటుక్కున స్టీరింగు పట్టుకుని తిప్పాలి కదా. తిరగదు. ఇప్పుడు ఖాళీ మైదానంలోనే నేర్పుతున్నాను, రోడ్డు మీదికి తీసుకెళ్ళట్లేదు." రాడ్డు తీసుకుని కారు కింద దూరాను. యాక్సిల్ గిన్నెకీ గేర్‌బాక్సుకీ మధ్య రాడ్డు మొన దూర్చి ఎత్తాను. రాలేదు. ఇంకో పక్క నుంచి ఎత్తాను. రాలేదు. కాలు చక్రాల గూడుకి తన్నిపెట్టి, రెండు చేతులా రాడ్డు పట్టుకుని, పళ్ళు బిగించి, ఇంట్లో పిల్లలు వినకూడని మాటలు నాలుగు అని, మెడ నరాలు తెగిపోయేలా ఎత్తితే అప్పుడు, మూడోసారికి, ఫట్‌మని వచ్చింది. వచ్చి నా భుజం మీద పడింది. అలాగే పడుకున్నాను వెల్లకిలా, దాన్ని గుండెల మీద పెట్టుకుని, ఆయిల్ చొక్కాలోకి కారుతోంటే. క్లిప్పు పట్టిన యాక్సిల్ ఇది. బాడీ షాపువాడు సుత్తితో కొట్టాడు గనక పట్టింది. పట్టిన క్లిప్పు రాడ్డు పెట్టి, ప్రాణాలు ఉగ్గబట్టి, మూడుసార్లు ఎత్తితే గాని రాలేదు. హబ్బుని మొరటుగా గుంజితే వస్తుందా? స్టీరింగు తిప్పితే వస్తుందా? రాదు. పదహారేళ్ళప్పటి నుంచి ఈ పని చేస్తున్నదాన్ని, నాకు తెలీదా రాదని? తెలుసు. ఐదు నెలలుగా తెలుసు. నోరు ముయ్యి, పని చూడు.

కొత్త యాక్సిల్ పెట్టె విప్పాను. ఆయిల్ సీల్ మార్చాను, చుట్టూ తడి తుడిచాను, బూటు నొక్కి చూశాను. మెత్తగా ఉంది, మంచి రబ్బరు. నొక్కితే లోపల గ్రీజు కదులుతోంది. పోయినసారి వచ్చిన బూట్లు ఇలా లేవు. పోయినసారి, స్పేర్‌పార్టుల కొట్టు వెధవ కుడిదానికని విడి బూట్లు పంపాడు, ఎండిపోయిన తోలులా ఉన్నాయి, వేలితో వంచితే పగులుతున్నాయి. వాడికి ఫోన్ చేసి అరిచాను. ఆ మధ్యాహ్నమే. అవును, ఆ మధ్యాహ్నమే, గుమ్మంలో నిలబడి, రోడ్డు మీది జనం తిరిగి చూసేలా. ఫోను ఎడం చేతిలో. కుడి చేతిలో ఆ పగిలిన బూటు. వాడికి కనబడుతున్నట్టే బూటుని ఊపుతూ, ఇదిగో ఇది రబ్బరా అట్టముక్కా, నీ ఇంట్లో పిల్లలకి ఇలాంటి చెప్పులు కొంటావా అని. వెనక నుంచి, కారు కింద నుంచి, చిన్నోడు "అక్కా, తోశాను. లాగు" అన్నాడు. నేను అరుస్తున్నాను. "అక్కా, లాగు" అన్నాడు మళ్ళీ. ఫోన్లో ఆ వెధవ ఏదో అడ్డం మాట్లాడుతున్నాడు, నాకు వీడి గొంతు చెవిలో జోరీగలా ఉంది, తల తిప్పకుండానే, ఉన్న చోటు నుంచి కదలకుండానే... "పట్టింది, పట్టింది, కానియ్" అన్నాను. ఎడం చేతిలో ఫోను. కుడి చేతిలో బూటు. రెండు చేతులా పట్టుకుని లాగాలి. నాకున్నవే రెండు చేతులు. ఏ చేత్తో లాగావే, చెప్పవే, మూడో చెయ్యి ఏమైనా మొలిచిందా నీకు? వాడు అడిగాడు, నేను చెప్పాను, నేను చెప్పాక వాడు వెనక్కి చూడకూడదు, నాన్న నియమం, వాడు చూడలేదు, బాల్ జాయింటు బిగించాడు, చక్రం వేశాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట. నోరా వీపుకు చేటు తేకే అంటారు, నా నోటికి నా వీపు కూడా అక్కర్లేదు, పెంచిన పిల్లాడి వీపు చూపించింది, టీచరు చెయ్యి విరిచింది. ఆ రోజు వాడు తల దించుకున్నాడనుకున్నానే, అందరి ముందూ నేను గుడ్డ నేలకేసి కొట్టినప్పుడు, తప్పు చేశాడు గనక దించుకున్నాడని ఊరంతా చెప్పానే, వాడు దించింది తల కాదు, చూపు. నా చేతులు చూశాడు వాడు. రెండు చేతుల వంకా చూశాడు, ఒకదాని తర్వాత ఒకటి, చూసి పానాలు కడగడానికి వెళ్ళాడు.

కోపం వస్తోంది. ఎవరి మీదో ఇప్పుడు తేలిగ్గానే తెలుస్తోంది, అయినా ముందు వాడి మీదే వస్తోంది, అలవాటు ఎక్కడికి పోతుంది? ఎందుకు చెప్పలేదురా? అక్కా నీ చేతిలో ఫోనుంది కదే అని ఒక్క మాట అనుంటే నేను చచ్చేదాన్నా? బహుశా అనలేదు గనకే నేను బతికాను, షెడ్డు బతికింది, ఇద్దరి పేరూ పోయే చోట ఒకరి పేరే పోయింది. లెక్క వాడికి తెలిసింది, నేను తెలిసీ తెలియనట్టు కూర్చున్నాను. పెద్ద మగధీరుడు! ఎవడడిగాడు నిన్ను త్యాగం చెయ్యమని? త్యాగమో, మొండితనమో, నోరున్న అక్కకి తనే తెలిసొచ్చేదాకా చూద్దామనో, ఆ గోడ మొహం వెనక ఏముందో ఏ దేవుడికి తెలుసు. యాక్సిల్ అందుకున్నాను. లోపలి చివర గాడిలోకి గురిపెట్టి, పళ్ళు కలిసేదాకా కొంచెం తిప్పి, అరచేత్తో బయటి చివర పట్టుకుని, ఊపిరి బిగబట్టి తోశాను. సగం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి లాక్కుని ఒక్క ఉదుటున మళ్ళీ తోశాను. లోపల సన్నగా టిక్కుమన్నట్టుంది. పడినట్టే ఉంది. తోసినవాడికి ఎప్పుడూ పడినట్టే ఉంటుంది. "లాగు" అన్నాను పైకే, అలవాటుగా, లాగేవాళ్ళెవరూ లేరని తెలిసే. నా గొంతు రేకుల కప్పు కింద చిన్నగా వినబడింది. ఐదు నెలలుగా యాక్సిల్ పని వస్తే వేరే షెడ్డుకి పంపేస్తున్నాను, భుజం నొప్పని చెప్పి. ఇవాళ టీచరు వచ్చిందని, నీ చెయ్యొక్కటే నమ్ముతానమ్మా అందని, ఉబ్బిపోయి ఒప్పుకున్నాను. నా చెయ్యి!

పైన బల్ల మీద ఫోను మోగింది. పన్నెండు. మోచేతుల దాకా గ్రీజు నాకు. "టీచర్‌గారూ, కాస్త ఆ ఫోను ఎత్తండి" అన్నాను కారు కింద నుంచే. ఎడం చేత్తో తీసుకొచ్చి, నా చెవి దాకా వంగలేక, స్పీకరు నొక్కి చక్రాల గూడు దగ్గర పట్టుకుంది. నొక్కొద్దు అనొచ్చు నేను. తర్వాత చేస్తాననొచ్చు. వాడి చెయ్యి మంచిదే సార్ అని పొడిగా ఒక్క ముక్క చెప్పి సరిపెట్టొచ్చు, టీచరుకి ఏమీ అర్థం కాదు, వాడికి పని దొరుకుతుంది, నా షెడ్డు నాకుంటుంది, పాము చావదు కర్ర విరగదు. ఇవన్నీ ఒక్క క్షణంలో వచ్చాయి, వంకలు వెతకడంలో నా బుర్ర ఎంత చురుకో.

"ఏమ్మా, ఆలోచించావా? నమ్మొచ్చా మీవాణ్ణి?" ఫోర్‌మన్ గొంతు షెడ్డంతా నిండింది.

"నమ్మొచ్చు సార్."

"మరి ఆ డ్రైవింగ్ టీచరు కారు సంగతేంటి? వాడు సరిగ్గా తొయ్యకే యాక్సిల్ ఊడిందని బజారంతా అంటున్నారు. నువ్వే అన్నావటగా?"

ఫోను పట్టుకున్న చెయ్యి కొంచెం కదిలింది. కింద నుంచి నాకు టీచరు చెప్పులు, చీర అంచు, కుడి చేతి వేళ్ళు కనబడుతున్నాయి. సగం ముడుచుకుని ఉన్నాయి ఆ వేళ్ళు, పూర్తిగా విచ్చుకోవు.

"నేనే అన్నాను. అబద్ధం. వాడు తోసి నన్ను లాగి చూడమన్నాడు సార్, రెండుసార్లు పిలిచాడు. మా దగ్గర తోసినవాడు లాగకూడదు, రెండో మనిషి లాగి చెప్పాలి. నేను ఫోన్లో ఎవడితోనో పోట్లాడుతున్నాను. లాగలేదు. ముట్టుకోలేదు కూడా. ముట్టుకోకుండానే పట్టిందని చెప్పేశాను."

"అది ఇప్పుడా చెప్పేది?" అన్నాడు ఫోర్‌మన్. "సర్లే, వాడి పేరు పైకి పంపుతున్నా" అని పెట్టేశాడు.

నేను బయటికి రాలేదు. రావడానికి ధైర్యం చాల్లేదు, అక్కడే యాక్సిల్ కింద మొహం పెట్టుకుని పడుకున్నాను, చిన్నప్పుడు అమ్మ కొడుతుందని మంచం కిందికి దూరినట్టు. టీచరు చెప్పులు కదల్లేదు. "వాడు మా ఇంటికొచ్చాడు" అంది. "కట్టు విప్పిన వారం. పళ్ళ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. నా అన్నం నోటి దగ్గర కొట్టావురా అన్నాను. సంచీ గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడైనా చెప్పలేదు."

"నన్ను తిట్టండి" అన్నాను.

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. తిట్టను." అంతే అంది. అరవలేదు. పాతికేళ్ళు పక్క సీట్లో కూర్చుని గుండెలు అదిరే తప్పులు చూసి కూడా గొంతు పెంచని మనిషి, ఆ గొంతుతోనే అంది, దాని బదులు నాలుగు తన్నినా బాగుండేది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందికి తొంగి చూసింది. మొహం ఎర్రగా ఉంది. "ఇది తోశావు కదా ఇప్పుడు. ఎవరు లాగారు?"

"ఎవరూ లాగలేదండీ. నేనే..."

"నువ్వు తోశావు. నువ్వు లాగకూడదు. ఇప్పుడే కదా చెప్పావు ఆయనకి." తన కుడి చేతిని ఎత్తి నా మొహం ముందు పెట్టింది. "నన్ను లాగమంటావా, దీంతో?" "వాణ్ణి పిలు. వాడొచ్చి లాగి చెప్తే ఎక్కుతాను ఈ కారు. లేకపోతే ఈ స్టాండ్ల మీదే తుప్పు పట్టనీ."

నంబరు నేను చెప్తుంటే తనే నొక్కింది. నోటికొచ్చు నాకు ఆ నంబరు, ఐదు నెలల్లో ఎన్నిసార్లు అనుకుని మానేశానో. మోగింది, మోగింది, ఎత్తాడు. ఎత్తి ఏమీ అనలేదు, అదీ వాడి పద్ధతే, నీళ్ళ గొట్టం చప్పుడు, ఎవరో దూరంగా పిలవడం. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. తప్పు నాదిరా అనాలి, క్షమించు అనాలి, ఏ అక్క అంటుందిలే తమ్ముడితో అలాంటి మాటలు.

"నేనేరా" అన్నాను. "టీచర్‌గారి కారు. ఎడం యాక్సిల్. తోశాను. లాగాలి."

నీళ్ళ చప్పుడు ఆగింది. ఎవరో గొట్టం కట్టేసినట్టున్నారు.

"ఇక్కణ్ణుంచే చెప్పెయ్యనా అక్కా," అన్నాడు మా తమ్ముడు, "పట్టిందని?"

నా నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండే తిట్లలో ఒక్కటీ రాలేదు. టీచరు నా వంకే చూస్తోంది. "వద్దు" అన్నాను. "వచ్చి లాగు." వస్తాననలేదు, రాననలేదు, పెట్టేశాడు. టీచరు లేచి, చీర దులుపుకుని, స్టూలుని గేటు వైపు తిప్పుకుని కూర్చుంది. నేను కారు కింద నుంచి బయటికొచ్చి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, యాక్సిల్ మీద చెయ్యి పడకుండా కొంచెం దూరంగా కూర్చున్నాను.